మూడు గుండీల బొమ్మ

బొమ్మ ఇదిగో వస్తోంది, అదిగో వస్తోంది అన్నారు గానీ శిక్షణ మొదలయ్యే రోజుకి కూడా రాలేదు.

రొమ్ములో గడ్డని చేత్తో ఎలా వెతకాలో నర్సులకి నేర్పే రబ్బరు బొమ్మ అది. పైన చర్మంలా మెత్తగా ఉంటుందట, లోపల చిన్నా పెద్దా గడ్డలు దాచి ఉంటాయట. పై ఆఫీసుకి ఫోన్ చేసినప్పుడల్లా "దారిలో ఉంది సిస్టర్" అనేవారు. అది ఏ దారో, ఆ దారి ఎటు పోతుందో చెప్పినవాళ్ళు లేరు.

ఆ చిన్న ఆసుపత్రిలో నర్సులందరికీ పెద్ద కాబట్టి ఆవిడని అందరూ పెద్ద సిస్టర్ అంటారు. బొమ్మ లేదని చేతులు ముడుచుకు కూర్చునే మనిషి కాదు. పాత దిండు గలీబులు, చిరిగిపోయిన పరుపులోని స్పాంజి మూటగట్టుకుని, వెనక వరండాలో దుప్పట్లూ గౌన్లూ కుట్టే టైలర్ మాస్టారు దగ్గరికి వెళ్ళింది.

"ఏం కుట్టాలమ్మా?" అన్నాడాయన మిషను ఆపకుండానే.

"రొమ్ములు కుట్టాలి మాస్టారూ."

మిషను ఆగింది. మాస్టారు కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఈ వయసులో నాకీ ఆర్డరా! మా ఆవిడ బతికుంటే మిషనుతో సహా నన్ను వీధిలో పెట్టేది."

పెద్ద సిస్టర్ నవ్వేసి, కావలసింది చెప్పింది. రెండు పొరల స్పాంజి, మధ్యలో దారం చుట్టిన చొక్కా గుండీలు. కొన్ని పైకి తగలాలి, కొన్ని గట్టిగా నొక్కితే తప్ప తగలకూడదు. ఒక్కోదానిలో అయిదేసి. మాస్టారు విని, ఒక స్పాంజి ముక్క బొటనవేలితో నొక్కి చూసుకుని, "చేస్తానమ్మా. ఇది నవ్వుతూ చేసే పని కాదులెండి" అన్నాడు.

రెండు రోజుల్లో నాలుగు బొమ్మలు వచ్చాయి. నీలం, తెలుపు, ఆకుపచ్చ, చారలది.

శిక్షణ గది అంటే పాత మందుల గదే. బీరువాలు గోడవారకి జరిపితే రెండు బల్లలు పట్టాయి. చుట్టుపక్కల ఆరోగ్య కేంద్రాల నుంచి ఎనిమిదిమంది నర్సులు వచ్చారు. మొదటిరోజు ముసిముసి నవ్వులూ, మోచేతి పోట్లూ. పెద్ద సిస్టర్ వాళ్ళని నవ్వనిచ్చి, తర్వాత పని మొదలుపెట్టింది. ముందు చేతులు రుద్దుకుని వెచ్చజేసుకోవాలి. మధ్య మూడు వేళ్ళ మెత్తటి భాగంతోనే చూడాలి, గోళ్ళతో కాదు, గిల్లి అసలే కాదు. చిన్న చిన్న సున్నాలు చుడుతూ పోవాలి. ఒకే చోట ముందు పైపైన, తర్వాత కాస్త, తర్వాత లోతుగా. చంకలోకీ వెళ్ళాలి, మెడ ఎముక దాకా వెళ్ళాలి. గడ్డ దొరికితే గడియారం గుర్తుతో చెప్పాలి: రెండు గంటల దగ్గర, ఎనిమిది గంటల దగ్గర, అలా.

ఇదంతా ఎందుకంటే, పెద్దాసుపత్రిలో క్యాన్సరు సర్జన్ ఒకావిడ ఉంది. మాట కటువు, చెయ్యి మంచిది. పెద్ద సిస్టర్ ఏడాదిగా ఆవిడ వెంటపడి ఒక మాట తీసుకుంది. "మీ నర్సుల చేతులు నేనొచ్చి చూస్తాను. నమ్మకం కుదిరితే, వాళ్ళ చీటీతో వచ్చిన మనిషిని లైనుతో పనిలేకుండా ఆరోజే చూస్తాను. కుదరకపోతే ఈ సంగతి మళ్ళీ ఎత్తొద్దు" అంది సర్జన్.

పెద్దాసుపత్రి లైను సంగతి పెద్ద సిస్టర్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆవిడ తోటికోడలు, అంటే వాళ్ళ బావగారి భార్య, ఆ లైనులోనే నిలబడింది. తనకి తానే గడ్డ పట్టుకుని దగ్గర్లోని కేంద్రానికి వెళితే, అక్కడి నర్సు చెయ్యైనా వెయ్యకుండా "కొవ్వు గడ్డ అయ్యుంటుందిలెండి" అని పంపేసింది. గడ్డ పెరిగాక పెద్దాసుపత్రికి వెళితే, ఈ గది కాదు ఆ గది, ఇవాళ కాదు వచ్చేవారం అన్నారు. చివరికి మనిషి దక్కింది గానీ, ఒక రొమ్ము పోయింది. మందులకి జుట్టూ రాలిపోయింది. కొన్నాళ్ళకి ఆ జుట్టు ఉంగరాలు తిరిగి మొలిస్తే, "లోకంలో ఆడవాళ్ళు బ్యూటీపార్లర్‌లో గంటలు గంటలు కూర్చుంటారు, నాకు ఊరికే వచ్చింది చూడవే" అని అద్దం ముందు మురిసింది. ఆ నవ్వు వెనక ఉన్నదేమిటో పెద్ద సిస్టర్‌కి తెలుసు. అందుకే సర్జన్ మాట ఆవిడకి అంత అవసరమైంది.

వారం తిరిగేసరికి క్లాసు గుర్రంలా పరిగెత్తింది. అందరికంటే ముందు ఒక నర్సు ఉండేది. మాటా చేతా రెండూ వేగం, అందుకని అందరూ ఎక్స్‌ప్రెస్ అనేవారు. బొమ్మ మీద చెయ్యి పెట్టిందంటే, "రెండు, అయిదు, ఎనిమిది, పదకొండు, చంక పక్కన ఒకటి!" అని ఒక్క గుక్కలో చెప్పేసేది. మిగతావాళ్ళు కూడా దాదాపు అంతే. పెద్ద సిస్టర్ గుండె నిండిపోయింది.

వెనకబడింది ఒక్కరే. ఊరవతల చివరి కేంద్రం నుంచి వచ్చిన నడివయసు నర్సు. ఆవిడకి తోటివాళ్ళు పెట్టిన పేరు నిదానం. మిగతావాళ్ళు నాలుగు బొమ్మలూ ముగించి టీ తాగి వచ్చేసరికి ఆవిడ రెండో బొమ్మ మీద ఉండేది. పైగా చారల బొమ్మ దగ్గర ప్రతిసారీ ఒకటే గొడవ.

"ఇందులో మూడే ఉన్నాయక్కా."

"అయిదమ్మా" అనేది పెద్ద సిస్టర్.

"మళ్ళీ చూస్తాను." మళ్ళీ చూసేది. "మూడేనక్కా."

"నీ వేళ్ళకి కళ్ళజోడు పెట్టించాలే!" అంది ఎక్స్‌ప్రెస్. "ఇదిగో రెండు గంటల దగ్గర ఒకటి, ఇదిగో ఎనిమిది దగ్గర ఇంకోటి. రాయిలా తగులుతుంటేనూ!"

పెద్ద సిస్టర్ కూడా వచ్చి రెండు గంటల దగ్గర వేళ్ళు పెట్టింది. ఏదో గట్టిగానే తగిలింది. "ఉంది కదమ్మా" అంది.

నిదానం తన వేళ్ళకేసి తనే అనుమానంగా చూసుకుంది.

పరీక్షకి ముందురోజు పొద్దున పెద్ద సిస్టర్ ఆవిడని పక్కకి పిలిచింది. చెప్పడానికి నోరు రాలేదు, కానీ చెప్పింది. "రేపు సర్జన్‌గారి ముందు నువ్వు వద్దులేమ్మా. ఒక్కరు తడబడినా ఆవిడ అందరినీ కలిపి కొట్టేస్తుంది. నువ్వు రేపటికి గది సంగతి చూసుకో."

"సరేనక్కా." నిదానం తల ఊపింది. వెళ్ళబోతూ ఆగింది. "అయితే మా కేంద్రానికి చీటీల పుస్తకం రాదా?"

"తర్వాతిసారి చూద్దాం."

"తర్వాతిసారి దాకా మా వాళ్ళు ఆగుతారక్కా. ఆగడం వాళ్ళకి అలవాటే. గడ్డ ఆగదు కదా, అని."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ఏదో ఒక పనిలో పడదామని పెద్ద సిస్టర్, కుట్టు విడిపోతున్న చారల బొమ్మ తీసుకుని వరండాకి వెళ్ళింది.

"రేపు పరీక్ష మాస్టారూ. ఇది కాస్త బిగించి ఇవ్వండి."

మాస్టారు బొమ్మని తిప్పి చూశాడు. "ఓ, మన మూడు గుండీల పిల్ల!"

"అయిదు గుండీలు మాస్టారూ."

"దీనికి మూడేనమ్మా. గుండీలు అయిపోయాయి, ఏం చేయమంటారు అని అడిగానా? మీరు ఫోన్‌లో ఎవరినో దులిపేస్తూ, 'కానీయండి, కానీయండి' అన్నారా? నేను కానిచ్చేశాను."

పెద్ద సిస్టర్ అక్కడున్న దుప్పట్ల మూట మీద కూలబడింది. "రెండు గంటల దగ్గర, ఎనిమిది దగ్గర..."

"ఏమీ పెట్టలేదు. కావాలంటే చూడండి." కత్తెర కొసతో కుట్టు విప్పి చూపించాడు. రెండు గంటల దగ్గర స్పాంజి ముడత పడి గట్టిపడింది, అంతే. ఎనిమిది దగ్గర అదీ లేదు.

"మిగతా మూడింట్లో?"

"అయిదేసి ఉన్నాయి. అన్నీ ఒకే చోట." మాస్టారు మంచి పని చేసినవాడి ధీమాతో చెప్పాడు. "గుడ్డ నాలుగు మడతలు వేసి ఒక్కటే కోత కోశాను. సుద్దతో ఒక్కటే గుర్తు. వంద దిండ్లు కుట్టినా నా కొలత తూచా తప్పదమ్మా. మీకూ దిద్దుకోవడం సులువని!"

ఆవిడకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడుగురు నర్సులు లేని గుండీలని రోజూ వేళ్ళతో పట్టుకున్నారు. ఆ ఏడుగురికీ పాఠం చెప్పే తను ఎనిమిదోది. వాళ్ళు వెతకడం ఏనాడో మానేశారు. చోట్లు బట్టీపట్టి అక్కడికే వెళుతున్నారు. బొమ్మలో ఏముందో అది చెప్పిన ఒకే ఒక్క మనిషిని, గదిలో కుర్చీలు సర్దుకోమని పంపించింది.

"మాస్టారూ, నాలుగూ విప్పండి. గుండీలు మీ ఇష్టం వచ్చిన చోట పెట్టండి. దేంట్లోనైనా ఒక్కటే పెట్టండి, దేంట్లోనైనా అసలు పెట్టకండి. నాక్కూడా చెప్పొద్దు."

"చెప్పకపోతే మీరెలా దిద్దుతారు?"

"నేనూ వాళ్ళతోపాటు వెతుక్కుంటాను."

మధ్యాహ్నానికి బొమ్మలు తిరిగొచ్చాయి. పెద్ద సిస్టర్ జరిగింది జరిగినట్టు చెప్పింది, తన వేళ్ళ సంగతితో సహా. "పొరపాటు నాదమ్మా" అని నిదానంతో అందరి ముందూ అంది. నిదానం కంగారుపడి లేచి నిలబడిపోయింది.

ఆ తర్వాత చూడాలి! ఎక్స్‌ప్రెస్ అలవాటుకొద్దీ రెండు గంటల దగ్గర దిగింది. "ఉంది... లేదు... ఉందేమో..." అని చెయ్యి వెనక్కి తీసుకుంది. గుడ్డెద్దు చేలో పడ్డట్టుంది అందరి పనీ. లేనిదాన్ని ఉందన్నారు, ఉన్నదాని పక్కనుంచి వెళ్ళిపోయారు. ఒకమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "రేపు పరీక్ష పెట్టుకుని ఇవాళ బొమ్మలు మారిస్తే ఎలా అక్కా?"

"రేపు మన దగ్గరికొచ్చే మనుషుల్లో ఏ చోట ఉన్నాయో ముందే మనకి చెప్పి వస్తాయా గడ్డలు?" అంది పెద్ద సిస్టర్. తర్వాత నిదానంకేసి తిరిగింది. "నువ్వెలా చూస్తావో చూపించమ్మా."

నిదానం సిగ్గుపడుతూనే బల్ల దగ్గరికి వచ్చింది. చేతులు రుద్దుకుంది. బొమ్మకేసి కాదు, గోడకేసి చూసింది. "వేళ్ళు పైకెత్తనక్కా. ఎత్తితే ఎక్కడున్నానో మరిచిపోతాను. గచ్చు తుడిచినట్టే. ఒక పట్టీ పైనుంచి కిందకి, దాన్ని ఆనుకుని ఇంకో పట్టీ కిందనుంచి పైకి. మధ్యలో వదిలేస్తే ఆరాక కనిపిస్తుంది, మళ్ళీ తుడవమనేది మా అమ్మ."

"మీ అమ్మగారికి దండం పెట్టాలి" అంది ఎక్స్‌ప్రెస్. ఈసారి ఎగతాళి లేదు.

అప్పుడే తలుపు తోసుకుని తోటికోడలు వచ్చింది, చేతిలో అన్నం డబ్బాతో. "ఏమే సిస్టరమ్మా, ఊరందరి ఒళ్ళూ చూస్తావు, నీ డబ్బా మాత్రం ఇంట్లో మరిచిపోతావు. ఏమిటందరూ పరీక్ష తప్పినట్టున్నారు?"

ఆవిడ దగ్గర ఏదైనా దాచడం ఎవరి తరమూ కాదు. విన్నది. విని, డబ్బా బీరువా మీద పెట్టి, కొంగు దోపుకుంది. "గుడ్డబొమ్మలతో ఎన్నాళ్ళాడతారు? ఊపిరి పీల్చే బొమ్మని నేనున్నాగా. ఆ తెర లాగండి."

"అక్కా, నువ్వా?" అంది పెద్ద సిస్టర్.

"ఏం, ఒకటే ఉందనా? నేర్చుకోడానికి ఒకటి చాల్దూ?"

తెర వెనక బల్ల మీద పడుకుంది. ఒక్కొక్కరే వచ్చారు. "అమ్మాయ్, ఐసుబండి దగ్గర్నుంచి వస్తున్నావా, చేతులు రుద్దుకో!" "నొక్కు, ఫరవాలేదు, నేనేం పగలను." జోకుల మీద జోకులు. కానీ ఆవిడ కుడిచెయ్యి బల్ల ఇనపకడ్డీని గట్టిగా పట్టుకునే ఉంది. పెద్ద సిస్టర్ అది చూసింది. ఆపరేషన్ తర్వాత చూపించుకోవలసిన తేదీని ఏదో వంకతో మూడుసార్లు దాటించిందని ఇంట్లో అందరికీ తెలుసు. ఎందుకు దాటిస్తోందో ఆ చెయ్యి చెబుతోంది.

అందరూ రొమ్ము ఉన్న వైపే చూశారు. కుట్ల మచ్చ ఉన్న వైపుకి ఎవరి చెయ్యీ పోలేదు. చివరగా నిదానం వచ్చింది. ఉన్న వైపు పూర్తిచేసి, "ఇటు కూడా చూడాలి కదమ్మా, చూడనా?" అని అడిగింది.

తోటికోడలు కడ్డీని ఇంకాస్త బిగించి పట్టుకుంది. "చూడు" అంది.

నిదానం మచ్చ పొడుగునా వేళ్ళు నడిపించింది. పైపైన, కాస్త, లోతుగా. ఒకచోట ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ అక్కడే ఆగింది. తెర ఇవతల గుసగుసలు ఆగిపోయాయి.

"పక్కటెముక" అంది నిదానం. చెయ్యి ముందుకి కదిలింది. చంక, మెడ ఎముక, అన్నీ అయ్యాక దుప్పటి కప్పి, "నా వేళ్ళకి ఏమీ తగల్లేదమ్మా" అంది. "నా వేళ్ళకి అంటున్నాను. డాక్టరుగారికి చూపించుకునే తేదీ మాత్రం దాటించొద్దు."

ఇనపకడ్డీ మీంచి చెయ్యి జారింది. తోటికోడలు పైకప్పుకేసి చూసింది. "ఇంత తీరిగ్గా నన్నెవరూ చూళ్ళేదే" అంది. కళ్ళ చివర్లనుంచి నీళ్ళు ఆ ఉంగరాల జుట్టులోకి దిగాయి. ఎక్స్‌ప్రెస్ పరుగున వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది.

సాయంత్రం దాకా మళ్ళీ మళ్ళీ చూశారు, కళ్ళు మూసుకుని, ఒకరికొకరు చోట్లు మార్చుకుని. తోటికోడలు మధ్యలో అన్నం డబ్బా తనే తినేసింది.

మర్నాడు పొద్దున సర్జన్ కారు దిగింది. ఆవిడ డ్రైవరు చేతిలో పెద్ద అట్టపెట్టె. దారిలో ఉన్న బొమ్మ ఎట్టకేలకు పెద్దాసుపత్రి గోడౌన్‌లో తేలిందట. "అసలుదే వచ్చింది, పరీక్ష దీని మీదే పెడదాం" అంది సర్జన్.

నర్సులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నిన్న ఆ కుట్టు విడిపోకుండా ఉంటే ఇవాళ ఏమయ్యేదో అందరికీ అర్థమైంది.

"ముందెవరు?"

పెద్ద సిస్టర్ నిదానం భుజం మీద చెయ్యి వేసి ముందుకి పంపింది.

నిదానం చేతులు రుద్దుకుంది. గోడకేసి చూసింది. పట్టీ పక్కన పట్టీ. సర్జన్ గడియారం చూసుకుంది. కాలు మార్చి నిలబడింది. మళ్ళీ చూసుకుంది.

"ఎంతసేపమ్మా?"

"అయిపోయేంతసేపు మేడమ్" అంది నిదానం, తల తిప్పకుండా.

సర్జన్ మూతి మీద ఏదో కదిలింది, అది కోపమో నవ్వో తెలియలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మూడు దొరికాయి మేడమ్" అని ఆ చోట్లు చెప్పింది నిదానం చివరికి. "ఏడు గంటల దగ్గర లోతుగా ఇంకేదో ఉన్నట్టుంది. గట్టిగా చెప్పలేను. చీటీలో అనుమానం అని రాస్తాను."

సర్జన్ పెట్టెలోంచి కాగితం తీసి చూసుకుంది. ఏడు గంటల దగ్గర అడుగున ఒకటి ఉంది, అన్నిటికంటే చిన్నది. "అనుమానం అనే రాయి" అంది. "మిగతాది నా పని."

తర్వాత మిగిలినవాళ్ళు. ఎక్స్‌ప్రెస్ ఆరోజు ప్యాసింజరు బండిలా నడిచింది. రెండే దొరికాయి. చెమటలు పడుతున్నా రెండే అంది. అందరికీ అన్నీ దొరకలేదు. కానీ లేనిదాన్ని ఉందన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

సర్జన్ బొమ్మని పెట్టెలో పెట్టబోయి ఆగి, మళ్ళీ బల్ల మీదే ఉంచింది. నలుగురికి చీటీల పుస్తకాలు ఇప్పుడే ఇస్తానంది, నిదానం కేంద్రానికి మొదటిది. మిగతా నలుగురూ ఇంకో నెల సాధన చేయాలి, తనే వచ్చి మళ్ళీ చూస్తుంది. బుధవారాలు చీటీలవాళ్ళకి వేరే తలుపు. "ఆ చారల బొమ్మ ఎవరు కుట్టారు?" అని వెళుతూ వెళుతూ అడిగింది. "మాకూ ఒక అరడజను కావాలి. అన్నిట్లో గుండీలు ఒకేచోట పెట్టొద్దని చెప్పండి." ఈ సంగతి ఆవిడకెవరు చేరవేశారో గానీ, పెద్ద సిస్టర్ చెవులదాకా ఎర్రబడింది.

ఎక్స్‌ప్రెస్‌కి పుస్తకం రాలేదు. రెండ్రోజులు ముభావంగా ఉంది. మూడోరోజు తన సెలవు పూట బస్సెక్కి నిదానం కేంద్రానికి వెళ్ళి, బల్ల పక్కన స్టూలు వేసుక్కూర్చుంది. "నిదానమే ప్రధానం అంటారు, ఆలస్యం అమృతం విషం అనీ అంటారు. రెండూ నువ్వే నేర్పు" అందట.

మొదటి చీటీ ఆ కేంద్రం నుంచే వచ్చింది. కూరగాయల బండి నడుపుకునే ఆవిడకి. బఠాణీ గింజంత అనుమానం. ఆవిడ ఒక్కతే పెద్దాసుపత్రికి వెళ్ళడానికి భయపడుతోందని ఫోన్ వస్తే, తోటికోడలు చెప్పులేసుకుంది. "నాదీ తేదీ దాటిపోయింది కదా, పద, ఇద్దరం కలిసే వెళ్దాం."

పెద్ద సిస్టర్ ఆరోజంతా వార్డులో ఉందన్న మాటే గానీ మనసంతా గేటు దగ్గరే ఉంది. ఇలాంటి రోజుల్లో మనుషులు చీకటి పడ్డాక ఈసురోమంటూ తిరిగి రావడమే ఆవిడ ఎరిగినది. ఎండ ఇంకా వరండా దిగకముందే ఇద్దరూ వచ్చేశారు. బండావిడ కళ్ళు ఏడ్చినట్టే ఉన్నాయి గానీ, నడకలో బరువు లేదు.

"చిన్నగా ఉండగానే పట్టుకున్నారంది పెద్ద డాక్టరమ్మ" అంది బండావిడ. "సూదితో ముక్క తీశారు. వచ్చేవారం రమ్మన్నారు. ఏదైనా సరే, నయం చేసేస్తాం అన్నారు."

"నీ సంగతేంటక్కా?" పెద్ద సిస్టర్ తోటికోడలి వైపు తిరిగింది.

"నాకేం, గుండ్రాయిలా ఉన్నానట." తోటికోడలు విసుగ్గా సంచీ బల్ల మీద పడేసింది. "కానీ ఇదేం పద్ధతే మీది? ఇద్దరం కష్టం సుఖం చెప్పుకోవచ్చని ఫ్లాస్కు నిండా టీ పోసుకెళ్ళానా? మూత తీశానో లేదో పిలిచేశారు! లైనూ లేదు, పాడూ లేదు. టీ అంతా అలాగే ఉండిపోయింది."

పెద్ద సిస్టర్ ఫ్లాస్కు అందుకుని మూత తీసింది. టీ ఇంకా వేడిగానే ఉంది. వెనక వరండాలోంచి టైలర్ మాస్టారుని కూడా కేకేసింది.